నడుమ ఆడినవాడు

శ్రోతలకు నమస్కారం.

నల్లగొండ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పుతుంటాను. మా వైపు కబడ్డీకి, వాలీబాల్‌కు ఉన్న ఊపు ఫుట్‌బాల్‌కు లేదు. అయినా సాయంత్రం బడి గంట కొట్టగానే పద్దెనిమిది మంది దాకా గ్రౌండుకు ఉరుకుతారు. జట్లు పంచేటప్పుడు రోజూ ఒకటే పేచీ. "సార్, నన్ను ముంగట ఆడించుండ్రి. నడుమ నిలబడితే నేను గోల్ ఎప్పుడు కొట్టాలె?" అని తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు నన్ను వదలడు. వాడికి చెప్పిన మనిషి కథే ఈ రోజు మీకూ చెబుతాను. ఆయన పేరు కార్లో ఆంచెలొట్టి, ఇటలీ ఫుట్‌బాల్ ఆటగాడు, తర్వాత కోచ్.

1959లో ఉత్తర ఇటలీలోని రెజ్జోలో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. రైతు కుటుంబం. ఇంట్లో ఆవులు, ఆ పాలు పర్మేసాన్ చీజ్ తయారీకి పోయేవి. ఆ చీజ్ కనీసం 12 నెలలు మాగితే గానీ అమ్మకానికి రాదు. బత్తాయి మొక్క పెట్టి కాపు కోసం నాలుగైదేళ్లు ఎదురుచూసే మన రైతుకు ఆ ఓపిక ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

పార్మాలో ఆట మొదలుపెట్టి 1979లో రోమా జట్టుకు వెళ్లాడు. మిడ్‌ఫీల్డర్. అంటే మైదానం నడుమ ఆడేవాడు. ముందున్నవాడికి బంతి అందించాలి, వెనకున్నవాడికి సాయం పోవాలి. పేపర్లో ఫొటో మాత్రం గోల్ కొట్టినవాడిది పడుతుంది. 1981లో ఆయన మోకాలు దెబ్బతింది. దాంతో 1982 ప్రపంచకప్‌కు వెళ్లలేకపోయాడు. ఆ ఏడు కప్పు ఇటలీదే. కోలుకుని 1983లో రోమాతో లీగ్ గెలిచాడు. అదే ఏడాది చివర్లో రెండో మోకాలు పోయింది. 1984లో యూరోపియన్ కప్, అంటే యూరప్ దేశాల మేటి క్లబ్బుల పోటీ, ఫైనల్ రోమా సొంత మైదానంలోనే జరిగితే, ఆయన బయట కూర్చుని జట్టు పెనాల్టీల్లో ఓడిపోవడం చూశాడు. ఆటగాడికి అంతకంటే నరకం ఉంటుందా? నేను అనుకునేదేమిటంటే, ఉరకలేని ఆ నెలల్లోనే ఆయనకు ఆటను కూర్చుని చూడడం అలవాటై ఉంటుంది.

1987లో ఏసీ మిలాన్ ఆయన్ని తీసుకుంది. ఆ మోకాళ్లను చూసి సందేహించినవాళ్లున్నా కోచ్ అరిగో సాకి పట్టుబట్టాడు. 1989లో రియల్ మాడ్రిడ్‌ను మిలాన్ 5-0తో ఓడించిన సెమీఫైనల్లో మొదటి గోల్ దూరం నుంచి కొట్టింది ఈ నడుమ మనిషే. ఆ ఏడూ, 1990లోనూ యూరోపియన్ కప్ మిలాన్‌దే. 1992లో ఆట చాలించి, 1994 ప్రపంచకప్‌లో ఇటలీ కోచ్‌గా ఉన్న సాకి దగ్గరే సహాయకుడిగా చేశాడు.

ఇక ఆయన కోచ్ జీవితంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఒక తప్పుతో మొదలవుతుంది. 1997లో పార్మా కోచ్‌గా ఉన్నప్పుడు ఇటలీలో పేరుమోసిన ఆటగాడు రొబెర్టో బాజియో ఆ జట్టుకు వచ్చే అవకాశం వచ్చింది. అలాంటి ఆటగాణ్ని ఎవరైనా వద్దంటారా? ఆంచెలొట్టి వద్దన్నాడు. తన 4-4-2 పద్ధతిలో, అంటే వెనక నలుగురు, నడుమ నలుగురు, ముంగట ఇద్దరు ఆడే పద్ధతిలో, బాజియోకు చోటు లేదట. పద్ధతి కోసం మనిషిని వదులుకున్నాడు. అది తన పొరపాటేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

2001 ఏప్రిల్ 1. అప్పటికి ఆయన యువెంటస్ కోచ్. టూరిన్‌లో బ్రెషా అనే చిన్న జట్టుతో మ్యాచ్. చివరికొచ్చేసరికి యువెంటస్ 1-0తో ముందుంది. అప్పుడు బ్రెషా మిడ్‌ఫీల్డర్ ఆండ్రియా పిర్లో తలెత్తి చూసి, బంతిని పైనుంచి పొడుగ్గా పంపాడు. అది డిఫెండర్ల తలల మీదుగా ఒకతని ముందు దిగింది. అతను దాన్ని కింద పడనిచ్చీ పడనివ్వక ఒక్క తాకుతో గోల్ కీపర్‌ను తప్పించి లోపలికి నెట్టాడు. అతనెవరో కాదు, బాజియో. మ్యాచ్ 1-1. ఆ సీజన్లో యువెంటస్ టైటిల్ పోగొట్టుకుంది రెండే రెండు పాయింట్ల తేడాతో.

ఆ ఏడాది చివర్లో ఆంచెలొట్టి మిలాన్ కోచ్‌గా వెళ్లేసరికి పిర్లో అక్కడున్నాడు. "నన్ను డిఫెన్స్ ముందర ఆడించండి, బ్రెషాలో ఆడాను" అని పిర్లోనే అడిగాడు. ఆట నెమ్మదిస్తుందేమోనని ఆంచెలొట్టికి అనుమానం. అయినా ఆడించాడు. వద్దన్న బాజియో అప్పుడు ఆయన మనసులో మెదిలే ఉంటాడని నా నమ్మకం. 2003లో ఛాంపియన్స్ లీగ్ (పాత యూరోపియన్ కప్‌కే కొత్త పేరు) మిలాన్‌దైంది, ఫైనల్లో ఓడింది అదే యువెంటస్.

2005 ఇస్తాంబుల్ ఫైనల్ మాట చెబితే మా పిల్లలు నమ్మలేదు. సగం ఆటకు మిలాన్ 3-0తో ముందుంది. తర్వాత ఆరు నిమిషాల్లో లివర్‌పూల్ మూడు గోల్స్ కొట్టి, పెనాల్టీల్లో గెలిచింది. రెండేళ్లకు ఏథెన్స్‌లో అదే లివర్‌పూల్‌ను 2-1తో ఓడించాడాయన. తర్వాత రియల్ మాడ్రిడ్ కోచ్‌గా 2014, 2022, 2024లో అదే కప్పు గెలిచాడు. మొత్తం కోచ్‌గా ఐదు ఛాంపియన్స్ లీగ్‌లు. ఇటలీ, ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్ ఐదు దేశాల లీగ్ టైటిళ్లూ గెలిచిన కోచ్ ఆయనే. 2025లో బ్రెజిల్ జట్టు పగ్గాలు పట్టాడు.

మన హైదరాబాద్ రహీం సాబ్‌ను తలచుకోకుండా ఈ మాటలు ముగించలేను. సయ్యద్ అబ్దుల్ రహీం బడి పంతులు. 1951లో, 1962లో భారత జట్టుకు ఆసియా క్రీడల స్వర్ణం అందించిన కోచ్. జకార్తాలో రెండో స్వర్ణం గెలిచేనాటికే ఆయనకు క్యాన్సర్, మరుసటి ఏడే కన్నుమూశారు. డ్రిబ్లింగ్, అంటే బంతిని ఎవరికీ ఇవ్వకుండా తన కాళ్లతోనే నడిపించుకుపోవడం, చేయకూడదనే షరతుతో ఆయన పోటీలు పెట్టించేవారు. బంతి దగ్గరికి రాకముందే ఎవరికివ్వాలో చూసుకోక తప్పదు మరి.

నేనూ ఆ దారే పట్టాను. ఒకడు బంతి తన్నుతాడు, అది తన కాళ్లకు చేరేలోపు ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడు మెడ తిప్పి, వెనక నేను చూపించే వేళ్లెన్నో చెప్పాలి. మొదట్లో వేళ్లు చూస్తే బంతి పోయేది, బంతి చూస్తే వేళ్లు పోయేవి. నిన్న పదిసార్లలో ఏడుసార్లు రెండూ దక్కాయి. ముంగట ఆడతానని ఇవాళ కూడా అడుగుతాడు, నాకు తెలుసు. నడుమే నిలబెడతాను.

నమస్కారం.