చూరుకి కట్టిన వరికుచ్చు

శ్రోతలందరికీ నమస్కారమండి. కోనసీమలో మా ఇంటి వసారా చూరుకి ఇప్పుడు పిట్టలు తినడానికి కట్టిన వరికుచ్చు ఒకటి వేలాడతా ఉంది, దాని గురించి చెప్దామనే వచ్చాను. మధ్యలో కాసేపు అమెరికా కొండల్లోకి కూడా వెళ్ళొద్దాం, ఎందుకంటే మా అబ్బాయీ కోడలూ కొలరాడోలో ఒక కొండ ఊళ్ళో ఉంటారు.

చలికాలంలో మాకు రాత్రి 8 అయితే వాళ్ళకి పొద్దున్న ఏడున్నరండి. వీడియో కాల్‌లో మాట్లాడతా మాట్లాడతా కోడలు ఫోను కిటికీ వైపు తిప్పుద్ది, బయటంతా తెల్లగా మంచు, ఆ మంచులో ఒక గొట్టం లాంటి డబ్బా వేలాడుతుంటుంది, అందులో నల్ల పొద్దుతిరుగుడు గింజలు, దాన్ని ఫీడర్ అంటారు. ఒక బుల్లి పిట్ట వచ్చి ఒక్క గింజ ముక్కున కరుచుకుని తుర్రుమంటుంది, చూస్తుండగానే మళ్ళీ వస్తుంది. మౌంటెన్ చికడీ అంటండి దాని పేరు, కంటి మీద తెల్లగీత ఉంటుంది, బరువు 11, 12 గ్రాములు ఉంటుందేమో. ఆ తీసుకెళ్ళిన గింజల్ని చెట్ల బెరడు సందుల్లో దాచిపెట్టి ఎక్కడెక్కడ దాచిందో గుర్తుపెట్టుకుని మంచు పట్టినప్పుడు తీసుకుని తింటుందంట. గాదె కట్టుకోవడం మనకే తెలుసనుకున్నాను నేను ఇన్నాళ్ళూ.

అక్కడ ఆ ఫీడర్ ఏడాది పొడుగునా పెట్టకూడదండి. ఎలుగుబంట్లు వాసన పట్టి ఇళ్ళ మీదకొచ్చేస్తాయి, అందుకని అవి గుహల్లో పడుకున్నాకే గింజలు పోసి అవి లేచే ముందే తీసెయ్యమని చెప్తారు. కడగడం కూడా ముఖ్యమే. 2021లో ఆ దేశం పడమటి రాష్ట్రాల్లో పైన్ సిస్కిన్ అనే పిట్టలు సాల్మొనెల్లా జబ్బుతో చచ్చిపోతుంటే, ఒకచోట గుమిగూడితే అంటుకుంటుందని ఫీడర్లన్నీ దించెయ్యమన్నారు.

అది చూస్తుంటే మా అత్తగారు గుర్తొచ్చారండి. సార్వా, అంటే మొదటి పంట, కోతలప్పుడు ఆవిడ చేలోకి వచ్చి నిండు కంకులున్న దుబ్బులు ఏరి కోయించుకునేవారు, మరీ ఎండితే గింజ రాలిపోద్దని కాస్త పచ్చిమీదుండగానే కూర్చుని జడలా అల్లేసేవారు, కంకులన్నీ కిందకి జాలువారేట్టు. సంక్రాంతికి ముందే చూరుకి ఎక్కాల్సిందే. ఇప్పుడు కోత మిషన్ వచ్చి కంకీ గడ్డీ కలిపి మింగేస్తుంది కాబట్టి మిషన్ దిగకముందే గట్టు పక్కన రెండు చేరల కంకులు కొడవలితో కోసి దాచుకోవాలి. ఈ ఏడు నేను అదే చేశాను. అల్లిక ఆవిడంత నున్నగా రాలేదు గానీ పిట్టలు దిగాయండి.

ముందు పిచ్చుకలే. తర్వాత రొమ్ము మీద చేప పొలుసుల్లా మచ్చలుండే మునియాలు, అవి కంకిని తలకిందులుగా పట్టుకుని గింజ వొలుస్తాయి. చిలకలొస్తే తినేది కొంత, పారబోసేది ఎక్కువ. ఉడత సరేసరి, కొలరాడోలోనూ ఉడతదే గొడవంట. గోరింకలు కుచ్చు జోలికి రావు గానీ కింద పురుగుల కోసం తిరుగుతాయి. దాళ్వా, అంటే రెండో పంట, నారుమళ్ళ దగ్గర తోకాడించుకుంటా తిరిగే జిట్టంగి కూడా ఈ చలికాలం చుట్టమే, హిమాలయాల నుంచీ ఇంకా అవతలి నుంచీ దిగొస్తుంది, దానికి మన వడ్లు అక్కర్లేదు, తడిమట్టిలో పురుగు చాలు.

కుచ్చు కట్టేవాళ్ళకి ఒక మాట. పొద్దున్న పొగమంచు మన దగ్గర దట్టంగా పడుద్ది, తడిసిన కంకి బూజు పడితే వెంటనే తీసెయ్యండి. పిల్లి ఎగిరినా అందనంత ఎత్తులో కట్టండి. పిచ్చుక పిల్లలకి మాత్రం గింజలు సరిపోవండి, తల్లి పురుగులు తెచ్చి పెట్టాలి, అందుకే పెరట్లో నాలుగు మొక్కలు మందు కొట్టకుండా వదిలెయ్యాలి. స్లాబు ఇళ్ళల్లో గూడుకి సందు లేదు కాబట్టి కన్నం పెట్టిన చిన్న కుండ గోడకి వేలాడదీసినా సరిపోతుంది.

మొన్న కోడలు ఒకటి చెప్పిందండి, నాకు మనసు చివుక్కుమంది. మన పిచ్చుకే అక్కడా ఉందంట, 1850ల మొదట్లో ఇంగ్లండ్ నుంచి తెచ్చి న్యూయార్క్ బ్రూక్లిన్‌లో వదిలారు, అదిప్పుడు దేశమంతా పాకిపోయి అక్కడి పిట్టల గూళ్ళు లాగేసుకుంటుందని చాలామందికి అది ఫీడర్ మీద వాలితే ఇష్టముండదు. వాళ్ళ బాధ వాళ్ళది, నిజమే. నేనేమో ఇక్కడ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఒక్కటన్నా వాలుతుందా అని చూరుకేసి చూస్తుంటాను.

ఫిబ్రవరిలో పెరట్లో పిట్టల్ని లెక్కపెట్టే నాలుగు రోజులుంటాయండి, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అంటారు, 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మన దేశంలోనూ చేస్తున్నారు. ఒకచోట 15 నిమిషాలు కూర్చుని కనపడినవి రాసుకుంటే చాలు. పోయినేడు కోడలు అక్కడ, నేను ఇక్కడ కూర్చున్నాం. తనకి చికడీలు 9, నాకు పిచ్చుకలు 7. ఈసారి కూడా కూర్చుంటామని అనుకున్నాం, ఈలోగా నేను రెండో కుచ్చు కట్టాలండి, మొదటి దాంట్లో గింజలన్నీ అయిపోయాయి.