పైసలు పడ్డాయి సరే, ఫలితం ఎక్కడ చూడాలి?

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత కూడా ఇంతమంది కూర్చున్నారు కాబట్టి, నేరుగా విషయంలోకి వస్తాను.

2018 మే 10న మన తెలంగాణలో హుజూరాబాద్ దగ్గర రైతుబంధు, అంటే రైతుకు ఎకరాల లెక్కన ఇచ్చే పంట పెట్టుబడి సాయం, మొదలైంది. ఎకరాకు పంటకు 4,000 రూపాయలు, తర్వాత 5,000. తొలి విడత చెక్కులు ఊళ్లోనే పంచారు. ఇప్పుడది రైతుభరోసా అయింది, 2025 జనవరి నుంచి ఎకరాకు ఏడాదికి 12,000. పథకం ఎలా నడిచిందని అడిగితే ఏ ప్రభుత్వమైనా ఒకటే జవాబు చెబుతుంది: ఇన్ని లక్షల ఖాతాలు, ఇన్ని వేల కోట్లు. 2025 వానాకాలంలోనైతే తొమ్మిది రోజుల్లో దాదాపు 9,000 కోట్లు వేశామన్నారు. త్వరగా వేయడం మంచిదే. ఆఫీసు చుట్టూ తిరిగి, చేయి తడిపి తెచ్చుకునే సబ్సిడీలు చూసినవాళ్లకు దాని విలువ తెలుసు. అయితే దానివల్ల తేలేది బ్యాంకు పని సాఫీగా జరిగిందన్న సంగతి మాత్రమే. సేద్యానికి ఏం ఒరిగిందో విడిగా చూడాలి.

విత్తనాలకు, ఎరువులకు రైతు అప్పు చేయకూడదన్నది పథకం పెట్టినప్పుడు చెప్పిన ఉద్దేశం. అలాగైతే ముందు వెళ్లాల్సింది ఎరువుల దుకాణానికి. ఉద్దెర తగ్గిందా? మన దగ్గర చాలా ఊళ్లలో మందుబస్తా ఇచ్చేవాడే పంట కూడా కొంటాడు. ఉద్దెర తెచ్చినవాడు ధర దగ్గర నోరెత్తలేడు. చేతిలో ఐదు వేలు ఉన్నందుకు రైతు ఆ దుకాణం దాటి ఇంకోచోటికి పోగలిగాడా, పంట తనకు నచ్చినచోట అమ్ముకోగలిగాడా? ఈ సంగతి మీద జరగాల్సినంత సర్వే జరగలేదని నా ఫిర్యాదు.

వరి పెరిగింది కదా, అదే ఫలితం అనేవాళ్లున్నారు. పెరిగిన మాట నిజం. కానీ 2018 జనవరి 1 నుంచే సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. చెరువుల్లో పూడిక తీశారు. 2019లో కాళేశ్వరం మొదలైంది. ఇన్నిటి మధ్య రైతుబంధు వాటా ఎంతో చెప్పడం తేలిక కాదు. పైగా రాష్ట్రమంతా ఒకేసారి ఇచ్చారు, సాయం అందని ఊరంటూ లేదు పోల్చుకోవడానికి.

నాకు తోచిన దారి ఒకటుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మన సూర్యాపేట, ఖమ్మం పొలాలూ ఉన్నాయి, అవతల ఆంధ్రలో అప్పటి కృష్ణా జిల్లా పొలాలూ ఉన్నాయి. 2018 వానాకాలంలో ఇవతలి రైతుకు ఎకరాకు 4,000 అందింది. అవతలి రైతుకు 2019 మొదట్లో ఆంధ్ర ప్రభుత్వ సాయం అన్నదాత సుఖీభవ వచ్చేదాకా అలాంటిదేమీ లేదు. కాలువ చివరి భూములకు నీళ్లు ఆలస్యమయ్యే తేడాను లెక్కలోకి తీసుకుంటే, ఆ ఒక్క సీజన్ మీద మంచి థీసిస్ రాయొచ్చు. 2024 వానాకాలంలో సాయం అసలు అందలేదు, అదీ పనికొస్తుందనిపిస్తుంది. కానీ అదే జూలై, ఆగస్టుల్లో రెండు లక్షల రుణమాఫీ జరిగింది. దేని ప్రభావం ఎంతో విడదీయలేం.

ఇక కౌలు. నన్నడిగితే పథకం అసలు లోపం ఇక్కడుంది. రైతుబంధు పాసుబుక్కును చూసి ఇచ్చారు, ఎకరాలకు పరిమితి పెట్టలేదు. ఎకరాకు ఏడాదికి 10,000 లెక్కన రెండెకరాల పట్టాదారుకు 20,000 వస్తే, ముప్పై ఎకరాలు కౌలుకిచ్చి హైదరాబాద్‌లో ఉండే ఆయనకు 3 లక్షలు. ఆ ముప్పై ఎకరాలు దున్నేవాళ్లకు సున్నా. రైతుబీమానూ పాసుబుక్కుకే ముడిపెట్టారు, సొంత భూమి లేని కౌలుదారు చనిపోతే ఆ ఇంటికి 5 లక్షలూ రావు. కౌలుదారు ఏటా మారతాడు, ఎవరి పేరు రాసుకుంటాం అన్నది అప్పటి ప్రభుత్వ వాదన. 2023 ఎన్నికల్లో కౌలుదారుకూ ఇస్తామని చెప్పి వచ్చినవాళ్లు సాగులో లేని భూములను జాబితాలోంచి తీసేశారు గానీ, కౌలు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. ఆంధ్రలో 2019 చట్టంతో 11 నెలల సాగుదారు హక్కు పత్రం తెచ్చారు. దానికి యజమాని సంతకం కావాలి. భూమి పోతుందేమోనన్న భయంతో సంతకం పెట్టని యజమానులు ఎంతమందో!

రేపు కౌలుదారు ఖాతాలోనే వేశారనుకుందాం, యజమాని కౌలు అంతమేరకు పెంచితే? అందుకే కౌలు ధరలు ఊరూరా, ఏటా రాసిపెట్టుకోవాలి. ఏఈఓలు, అంటే ఊళ్లకొచ్చే వ్యవసాయ విస్తరణ అధికారులు, సీజన్ సీజన్‌కూ పంటల నమోదు ఎలాగూ చేస్తున్నారు. సర్వే నంబరు పక్కన సాగుచేసేవాడి పేరుకు, కౌలు ధరకు రెండు గడులు పెడితే చాలు.

మీలో కొందరు జూలైలో సర్వేకు పోతారు. రైతువేదికలో ఇచ్చే లబ్ధిదారుల జాబితా పట్టుకుని ఇళ్లు తిరగకండి, ఆ జాబితాలో మీకు పట్టాదారులే దొరుకుతారు. సర్వే నంబర్లు రాసుకుని పొలాల మీదికి పోండి. నాట్లు వేయిస్తున్నది ఎవరో, మందుబస్తా నగదుకు తెచ్చాడో ఉద్దెరకు తెచ్చాడో, కౌలెంతో అడగండి. పాసుబుక్కు ఎవరి పేరున ఉందన్న ప్రశ్న ఫారంలో చివర పెట్టండి. ముందే అడిగితే, రెవెన్యూ వాళ్లనుకుని మిగతావాటికి జవాబు చెప్పరు.