శనివారం బడి

తమ్ముడు: అందరికీ నమస్కారం. అక్కా, ఇవాళ దేని గురించి?

అక్క: విదేశాల్లో జపాన్ పిల్లల శనివారం బడి గురించి. హోషూకో అంటారు. మొదటిది 1958లో వాషింగ్టన్‌లో పెట్టారు. ఇక్కడ న్యూజెర్సీలో మా పక్కింటి బాబు అలాంటి బడికే వెళ్తాడు. వారమంతా అమెరికా బడి, శనివారం పొద్దున్నే లంచ్ బాక్స్ పట్టుకుని మళ్లీ బడి.

తమ్ముడు: పుస్తకాలు వాళ్ల ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుందట కదా?

అక్క: అవును. జపాన్‌లో పిల్లలు చదివేవే. అక్కడ వారమంతా చెప్పే పాఠం ఇక్కడ ఒక్కరోజులో చెప్తారు, మిగతాది ఇంటిపని. ప్రైమరీ ఆరేళ్లలో 1,026 కంజీలు, అంటే చైనా లిపి నుంచి వచ్చిన అక్షరాలు, రావాలి.

తమ్ముడు: దిద్దిస్తారా?

అక్క: గళ్ల నోట్‌బుక్‌లో. ఏ గీత ముందో, ఏది తర్వాతో కూడా చూస్తారు.

తమ్ముడు: నేను మొత్తుకునేది అదే! పలక మీద దిద్దితే అక్షరం చేతికి...

అక్క: పలక తర్వాత. రోజూ పాఠం పైకి చదవాలి. వింటూ వాళ్లమ్మ కార్డు మీద గుర్తు పెడుతుంది. ఒకరోజు నేను వెళ్లేసరికి ఆవిడ స్టవ్ దగ్గర, వీడు గడప మీద కూర్చుని చదువుతున్నాడు. మాట తడబడితే ఆవిడ వెనక్కి తిరక్కుండానే సరిచేస్తోంది.

తమ్ముడు: వాళ్లకి అవసరం ఉందక్కా. కంపెనీ పంపితే వచ్చారు, నాలుగేళ్లకి వెళ్లిపోతారు. అక్కడ పిల్లలు వెనకబడకూడదు. మనవాళ్లు తిరిగి వస్తారా?

అక్క: ఆ మాట తప్పురా. వీడి నాన్న అమెరికన్. వీళ్లూ ఎక్కడికీ వెళ్లరు. తిరిగి వెళ్లేవాళ్ల కోసం పెట్టిన బడిలో ఇప్పుడు ఇలాంటి పిల్లలు చాలామంది. ఇంట్లో ఇంగ్లీషు, పుస్తకం మాత్రం టోక్యో పిల్లలది. కష్టం అక్కడే.

తమ్ముడు: మరి వాడి మీద అంత బరువెందుకు? శనివారం సాకర్ మానేసి...

అక్క: అమ్మమ్మ కోసం.

తమ్ముడు: అమ్మమ్మతో మాట్లాడటానికి 1,026 అక్షరాలు కావాలా?

అక్క: ఉత్తరం రాస్తే చదవడానికి కావాలి. మాట ఒక్కటే మిగిలితే అదీ పోతుందిరా. మా చిన్నదాన్ని తెలుగు క్లాసు మాన్పించింది నేనే. స్విమ్మింగ్‌కి టైమ్ కుదరలేదని. రెండేళ్లయింది. మొన్న అమ్మ ఫోన్లో ఏమడిగినా 'ఊ' అంది. అమ్మ నవ్వేసింది. నాకు గొంతు పూడుకుపోయింది.

తమ్ముడు: ...నాకు చెప్పలేదే.

అక్క: ఏం చెప్పను?

తమ్ముడు: నేను వచ్చేటప్పుడు పలక తెస్తాను.

అక్క: నువ్వూ నీ పలకా! తే. రెండు తే, పక్కింటి వాడికీ ఒకటి.

తమ్ముడు: బలపాలు దొరుకుతాయా అక్కడ?

అక్క: తెలీదురా. అవీ తే.