శత్రువు జేబులో పెట్టిన చీటీ

1999 జులై, కార్గిల్ యుద్ధం. 16 వేల అడుగులు దాటిన టైగర్ హిల్ శిఖరం 4వ తేదీన మన చేతికొచ్చింది. మర్నాడే పాకిస్తాన్ వాళ్లు ఎదురుదాడికి దిగారు. ముందుండి నడిపించింది 12 నార్తర్న్ లైట్ ఇన్‌ఫాంట్రీకి చెందిన కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్. కర్నల్ అంటే ఇక్కడ హోదా కాదండీ, ఆయన పేరే అది. మన 8 సిఖ్ బెటాలియన్ జవాన్లతో అతి దగ్గర నుంచి తలపడి, అక్కడే ప్రాణాలు వదిలాడు.

మన 192 మౌంటెన్ బ్రిగేడ్ కమాండర్ బ్రిగేడియర్ ఎం.పి.ఎస్. బాజ్వా. ఆ పోరులో ఆయన సొంత మనుషులూ చనిపోయారు. అయినా కూలీలను పంపి షేర్ ఖాన్ శవాన్ని కొండ మీద నుంచి కిందికి దింపించాడు. పాకిస్తాన్‌కు అప్పగించే ముందు ఓ చీటీ రాసి జేబులో పెట్టాడు. ఈ కెప్టెన్ చాలా ధైర్యంగా పోరాడాడు, ఇతనికి దక్కాల్సింది దక్కాలి అని అందులో సారాంశం.

ఆ చీటీకి అంత విలువ ఎందుకంటే, అప్పట్లో పాకిస్తాన్ అసలు అక్కడున్నది మా సైనికులే కాదు, సైన్యంతో సంబంధం లేని ముజాహిదీన్ పోరాటగాళ్లు అని బుకాయిస్తోంది. తన వాళ్ల శవాలు తీసుకోవడానికే వెనకాడింది. అలా మిగిలిపోయిన వాళ్లకు మన సైన్యమే ఇస్లాం పద్ధతిలో అంత్యక్రియలు చేసింది. సొంత ప్రభుత్వం కాదన్న మనిషికి, ఎదురుగా నిలబడి కాల్చినవాళ్లు సాక్ష్యం చెప్పారన్నమాట! చివరికి పాకిస్తాన్ అతనికి తన అత్యున్నత సైనిక పురస్కారం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది.

శత్రువును మెచ్చుకోవడం ఏంటని కొందరికి మండుతుంది. నాకలా అనిపించదు. అవతలివాడు పిరికివాడైతే, వాడిని గెలిచిన మన కుర్రాళ్ల గొప్పేముంది? బాజ్వా జాలిపడి రాసింది కాదది. చంపాల్సి వచ్చింది, చంపారు. ఎలా పోరాడాడో మాత్రం దాచలేదు.

ఇలా జరగడం మొదటిసారి కూడా కాదు. 1971లో షకర్‌గఢ్ సెక్టార్‌లో, జర్పాల్ దగ్గర, పాకిస్తాన్ లెఫ్టినెంట్ కర్నల్ అక్రమ్ రాజా ఎదురుదాడి చేస్తూ చనిపోయాడు. ఆయన ధైర్యాన్ని మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది మన 3 గ్రెనేడియర్స్ కమాండింగ్ ఆఫీసర్ వి.పి. ఐరీ. అక్రమ్ రాజాకు పాకిస్తాన్ హిలాల్-ఎ-జుర్రత్ అనే శౌర్య పురస్కారం ఇచ్చింది. ఆ జర్పాల్ యుద్ధంలోనే మన మేజర్ హోషియార్ సింగ్‌కు పరమవీర చక్ర వచ్చింది. ఆ కథ పెద్దది, ఇంకో వీడియోలో చెప్పుకుందాం.