వీధి చెట్టూ, ఇంటి ధరా

వేదిక మీది పెద్దలకు, కాలనీ వాళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్తే టిఫిన్లు చల్లారిపోతాయి, విషయానికొస్తా.

రిజిస్ట్రారాఫీసులో కట్టే గజం రేటుకు వీధిలో చెట్టుతో పనిలేదు. కొనేవాడికి ఉంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఇళ్ల అమ్మకాలను డోనవాన్, బట్రీ అనే ఇద్దరు లెక్కగట్టి 2010లో ప్రచురించారు. వీధి చెట్ల వల్ల ఇంటికి సగటున 8,870 డాలర్లు ఎక్కువ పలికింది, 1.7 రోజులు ముందే అమ్ముడుపోయింది. చెట్టు ఒకరి ముందుంటే వంద అడుగుల లోపు ఇళ్లకూ ధర పెరిగింది. ఆ డాలర్లను నెల్లూరు గజాల్లోకి మార్చబాకండి, అక్కడి బజారు వేరు. అయితే మే నెల మధ్యాహ్నం ఇల్లు చూడ్డానికొచ్చినోడు బండి ఎక్కడ ఆపుతాడో గమనించండి.

మరెందుకు కొట్టేస్తాం? గేటుకెదురుగా ఉంటే వాస్తు ప్రకారం ద్వారవేధ దోషం, కారు తిరగదు అని. రెండిళ్ల ఉమ్మడి గోడకు ఎదురుగా గుంట తియ్యండి, రెండు తగాదాలూ తీరతాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ గారు 1950లో మొక్కలు నాటే వనమహోత్సవం జూలైలో పెట్టారు. నైరుతి వానలు దండిగా పడే చోట అది సరే. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా! కావలైనా ఒంగోలైనా అంతే. జూలైలో నాటి, ఫొటోలు దిగి వెళ్తారు. సెప్టెంబరుకు ట్రీగార్డు మిగుల్తుంది, అందులో మొక్క ఉండదు. ఏటా ఇదే తంతు. అయ్యా, జూలైలో గుంట తియ్యండి, మొక్క అక్టోబరులో పెట్టండి.

గుంట మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. తవ్విన మట్టిలో మూడోవంతు మాగిన పశువుల ఎరువు. ఆరడుగుల మొక్క అయితే మేకలకు అందదు. కవరు పూర్తిగా చించెయ్యండి, సుడి తిరిగిన వేర్లను కత్తిరించండి, కాండం మొదలు నేలమట్టానికి ఉండాలి. తుఫాను గాలికి రెండు కర్రలు పాతి గోనెపట్టీతో వదులుగా కట్టండి. బిగిస్తే కాండం కోసుకుపోతుంది.

వైర్లు లేనిచోట వేప, కానుగ. వైర్ల కింద దేవగన్నేరు. నీడ తక్కువే గానీ లైన్‌మెన్ మోడు చెయ్యడు. మోడు చేసిన చెట్టుకు వచ్చే కొమ్మలు పట్టులేక విరిగి కార్ల మీద పడతాయి, ఆ వీధికి అందమూ ఉండదు. కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు వద్దు, గుజరాత్ 2023లో నిషేధించింది.

ఇక సిమెంటు రోడ్డు. మొదలుదాకా కాంక్రీటు పోస్తే నీరు దిగదు. ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యాలని పర్యావరణ కేసులు చూసే జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ 2013లోనే చెప్పింది. కాబట్టి రోడ్డు కొలతలు వేసే రోజునే కాంట్రాక్టరు చేత ఆ మీటరుకు సున్నం గీత గీయించండి, తర్వాత పగలగొట్టే ఖర్చు మీదే అవుతుంది.