ముందు స్టాండు చూడండి, తర్వాత డయల్

నమస్తే తమ్ముళ్లూ. టర్నర్ ట్రేడ్ పిల్లలతో మాట్లాడమన్నారు కాబట్టి సూటిగా లేత్ దగ్గరికే వస్తా. రేపు మీరు మిర్యాలగూడలోనో దేవరకొండలోనో షెడ్డు వేసుకుంటే ముందు వచ్చే పనేంది? రైస్ మిల్లు షాఫ్టు, లేదంటే బోరు మోటారు రోటరు. అరిగిన చోట వెల్డింగ్ పోసి మళ్లీ సైజుకు తియ్యాలె. ఫోర్ జా చక్‌లో, అంటే విడివిడిగా జరిగే నాలుగు దవడల పట్టులో, పట్టినప్పుడు అరగని భాగం నికరంగా తిరగకపోతే, మీరెంత నున్నగా తీసినా కొత్త బేరింగ్ మోత పెడుతుంది.

అందుకే డయల్, అంటే షాఫ్టుకు ఆనిస్తే అది ఎంత వంకరగా తిరుగుతుందో ముల్లుతో చూపే గేజి. దుకాణానికి పోతే గీతకు మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, చూపేదాన్ని ముందు పెడతాడు. మోజుపడి నేనూ కొన్న. మా పాత లేత్‌లో చక్‌ను తిప్పే స్పిండిల్‌కే కొంత ఆట ఉంది, ఆ ముల్లు ఒక్కచోట నిలిస్తే ఒట్టు! పైగా అది నడిచేది మొత్తం 1 మిల్లీమీటరే. చక్‌లో మొదట పట్టిన షాఫ్టు అంతకంటే ఎక్కువే ఎగురుతుంది. గీతకు 0.01, నడక 10 మిల్లీమీటర్లు ఉన్న మామూలు ప్లంజర్ డయల్, అంటే కింద కడ్డీ లోపలికీ బయటికీ ఆడేది, తీసుకోండి. ముల్లు ఒక చుట్టు తిరిగితే 1 మిల్లీమీటరు, లెక్క తేలిక.

లెక్క అంటే గుర్తొచ్చింది. ఒక జా దగ్గర సున్నా, ఎదురు జా దగ్గర 0.60 మిల్లీమీటరు వచ్చిందనుకోండి. కొత్తవాళ్లు 0.60 మొత్తం జరుపుతరు, చక్‌లో పట్టిన జాబ్ అటుపక్కకు పోయి కూర్చుంటది. జరపాల్సింది సగమే, 0.30.

పుల్లీ బోరు లోపలికి ప్లంజర్ దూరదు. అక్కడ పక్కకు ఊగే సన్న పుల్ల ఉండే లివర్ డయల్ కావాలె. దాని నడక చాలావాటిలో 0.8 మిల్లీమీటరే కాబట్టి ముందు సుద్దముక్కతో ఉజ్జాయింపుగా సెంటర్ చేసుకున్నాకే దాన్ని ఆనించండి. దాని పుల్ల ఆనిన ముఖానికి 60 డిగ్రీలు వాలి ఉంటే అసలు తేడాకు రెట్టింపు చూపిస్తుంది. సెంటర్ చేసేటప్పుడు ముల్లు కదలకుండా చేయడమే మన పని, అందుకే ఆ తప్పు పెద్దగా బాధించదు. వంకర ఇంత ఉందని కాగితం మీద రాసియ్యాల్సి వచ్చిన రోజు ముంచుతుంది.

ఇంతకీ డయల్‌కు పెట్టే డబ్బులో కొంత మిగిల్చి డయల్‌ను పట్టి ఉంచే మంచి మాగ్నెట్ స్టాండు కొనండి. దుకాణంలోనే ఇనుప బల్ల మీద బిగించి, డయల్ మొన బల్లకు ఆనించి, స్టాండు చేతిని వేలితో కొద్దిగా నొక్కి వదలండి. ముల్లు ముందున్న గీతకే తిరిగి రావాలె. రాకపోతే ఎంత ఖరీదైన డయలైనా ఆ స్టాండు మీద అబద్ధమే చెబుతుంది. లేత్ మీద పెట్టేముందు కింద ఇనుప రజను తుడవండి. ప్లంజర్‌కు నూనె పూయొద్దు, దుమ్ము పట్టి బిగుసుకుంటది.

ఒక్క ఉపద్రవం చెప్పాలె. మిల్లు షాఫ్టుకు కీ గాడి, అంటే పుల్లీ జారకుండా పెట్టే ఇనుప ముక్క కూర్చునే గాడి, ఉంటది. మాటల్లో పడి చక్ తిప్పుతుంటే ప్లంజర్ మొన ఆ గాడిలో దిగింది, అంచు తగిలి కడ్డీ వంగింది. కొని వారం కూడా కాలేదు. గాడి వచ్చే ముందే ప్లంజర్‌ను వేలితో పైకెత్తండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి చక్‌ను చేత్తోనే తిప్పండి, మోటారు జోలికి పోవద్దు.

ఇక మిషను దగ్గరికి పోదాం. ఎవరైనా ఒకరు వచ్చి ఈ షాఫ్టు పట్టండి. ముందు జాలు బిగించే ఆ చక్ కీ తీసి పక్కన పెట్టు తమ్మీ.