ట్రాక్ ఏడు, అన్‌నోన్ ఆర్టిస్ట్

"ట్రాక్ 07, అన్‌నోన్ ఆర్టిస్ట్." మీ ఫోన్లో ఇలాంటి ఫైళ్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. నా దగ్గర ఈ నెల మొదట్లో మూడు వందల పైనే ఉన్నాయి. ఈ వీడియో వాటి గురించే.

నమస్తే అండీ, గుణుపురం నుంచి మాట్లాడుతున్నాను. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, ఇది ఒడిశాలో రాయగడ జిల్లా, వంశధార ఒడ్డున ఉంటుంది, కాస్త కిందికి దిగితే శ్రీకాకుళం జిల్లా వచ్చేస్తుంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంతలో సవర మాట కూడా వినబడుతుంది. కాబట్టి పాటలు పంచుకోవడం అంటే మాకు మూడు భాషల వ్యవహారం. ఆదివారం సాయంత్రం నలుగురం కూర్చుంటే ఒకరు కొత్త తెలుగు ఆల్బమ్ దించుకొస్తారు, ఒకరు భిఖారి బల పాడిన జగన్నాథుడి భజనలు తెస్తారు, ఇంకొకరు అక్షయ మహంతి పాత ఒడియా పాటలు. ఆ రోజు ఎవరి ఫోన్‌లో ఏముంటే అది అందరి ఫోన్లలోకి ఎక్కుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది, కానీ ఇలా చేతులు మారేటప్పుడు పాట మిగులుతోంది, పేరు పోతోంది. ఆల్బమ్ పేరు పోతుంది, సంవత్సరం పోతుంది, చివరికి పాడిన మనిషి కూడా పోతాడు.

మా బావ మొన్న పాత ఫోన్లోంచి మెమరీ కార్డు తీసి నాకు ఇచ్చాడు. ఎప్పుడో ఒక షాపులో పాటలు ఎక్కించుకున్న కార్డు అది. అందులో "చల్లని రాజా ఓ చందమామ" ఉంది. 1956లో వచ్చిన ఇలవేల్పు సినిమాలోది, సుసర్ల దక్షిణామూర్తి గారి సంగీతం. ఫైల్ మీద గాయకుడు అన్న చోట ఘంటసాల అని రాసి ఉంది. నేను అలాగే నమ్మేశాను, ఇంట్లో పెట్టి వింటున్నాను. పక్క గదిలోంచి మా పెదనాన్న వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. పాట మొత్తం అయ్యేదాకా కదల్లేదు. అప్పుడు అన్నారు: "ఒరే, అది ఘంటసాల గొంతు కాదురా. రఘునాథ్ పాణిగ్రాహి. మన గుణుపురం మనిషి."

నాకు ఒక్కసారి ఒళ్లు ఝల్లుమంది. ఆ పాటలో పి. సుశీల, పి. లీలలతో కలిసి పాడిన మగ గొంతు మా ఊళ్లో పుట్టిన ఆయనది! మద్రాసు వెళ్లి తెలుగు సినిమాల్లో పాడారు, తర్వాత ఆ దారి వదిలేసి భార్య సంయుక్తా పాణిగ్రాహి ఒడిస్సీ నాట్యానికి గాత్రం ఇచ్చారు. ఆమె పేరు నాట్యం తెలిసిన వాళ్లందరికీ తెలుసు. ఆయన 2013లో పోయారు. నేను పుట్టి పెరిగిన ఊరు ఇదే, ఆ పాట చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను, అయినా ఈ రెండూ నా బుర్రలో ఎప్పుడూ కలవలేదు. ఎందుకు కలవలేదంటే ఫైల్ మీద వేరే పేరు ఉంది కాబట్టి. పేరు ఖాళీగా ఉండి ఉంటే ఎవరిదో అని ఒకసారైనా అడిగేవాణ్ని. తప్పు పేరు ఉండేసరికి అడగాలనే అనిపించలేదు.

అందుకే ఈ నెల నా మొదటి సిఫార్సు ఆయనే. ఆయన పాడిన జయదేవుడి గీతగోవిందం వెతికి వినండి. అష్టపదులు మనకీ కొత్త కాదు, భజనల్లో పాడుకుంటాం, కానీ మన బాణీ వేరు, ఆయన బాణీ వేరు. తొందర ఉండదు. ఒక మాట పట్టుకుని దాని చుట్టూ తిరిగి తిరిగి, మళ్లీ నెమ్మదిగా పల్లవి దగ్గర దింపుతారు. రాత్రి భోజనాలయ్యాక, పడుకునే ముందు పెట్టుకోండి.

రెండోది చంపూ పాటలు, చంపూ అంటే గద్యం, పద్యం కలిసిన కావ్యం. గంజాం వైపు కవి కవిసూర్య బలదేవ రథ్ రాసిన కిశోర చంద్రానన చంపూ. క నుంచి క్ష వరకు అక్షరానికో పాట చొప్పున రాశారు, ఒక్కో పాటలో పంక్తులు ఆ అక్షరంతోనే మొదలవుతాయి. ఒడియా రాకపోయినా ఆ అక్షరం చెవికి తగులుతూనే ఉంటుంది. శ్యామామణి దేవి గారి గొంతులో ఒడిస్సీ సంగీతం వినడం మొదలుపెడితే వీటి రుచి తెలుస్తుంది. నాకు ఈ పాటలు ఏ పేరుతో వచ్చాయో తెలుసా, "ఒడియా డివోషనల్ 12". రెండు వందల ఏళ్ల నాటి కవికి మనం ఇచ్చిన పేరు అది. ఇలాంటివి చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఇక క్వాలిటీ సంగతి. మనవాళ్లు "320 అన్నా, సూపర్ క్వాలిటీ" అని పంపుతుంటారు. ఎంపీ3లో 320 కేబీపీఎస్ అంటే సెకను పాటకి 320 కిలోబిట్ల సమాచారం అన్నమాట, ఆ లెక్కన ఐదు నిమిషాల పాట దాదాపు 12 ఎంబీ ఉంటుంది, 128 అయితే ఐదు ఎంబీ లోపే. కానీ ఎవరైనా 128 ఫైల్‌ని మళ్లీ 320కి మారిస్తే సైజు పెరుగుతుందే తప్ప పోయిన శబ్దం తిరిగి రాదు. దీన్ని చెవితోనే పట్టొచ్చు. ఒడిస్సీ పాటలో మర్దల అనే మద్దెలతో పాటు చిన్న తాళాలు మోగుతాయి, గిని అంటారు. మంచి ఫైల్‌లో ఆ తాళం టింగుమని మోగి, ఆ మోత మెల్లగా సన్నబడుతుంది. పాడైన ఫైల్‌లో అదే చోట ఇసుక జల్లినట్టు ఉస్సుమంటుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి పోల్చి చూడండి. మీ దగ్గర పాత సీడీ ఉంటే ఫ్లాక్ అనే ఫైల్ రకంలోకి మార్చి దాచుకోండి, దాంట్లో శబ్దం ఏమీ తగ్గదు.

హక్కుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. రాసిన వాళ్ల హక్కు, బాణీ కట్టిన వాళ్ల హక్కు వేరే, వాళ్లు పోయాక 60 ఏళ్ల దాకా ఉంటాయి. కాబట్టి పాత పాట కదా అని ఏదైనా చేసేయొచ్చు అనుకోకండి. కొత్త ఆల్బమ్ అయితే ఫైల్ పంపకండి, లింకు పంపండి, ఏ పాటతో మొదలుపెట్టాలో, ఎందుకో రెండు ముక్కలు రాయండి. "బాగుంది విను" అంటే నేను వినను, "మూడో పాటలో రెండో చరణం దగ్గర వయొలిన్ విను" అంటే వెంటనే వింటాను.

ఈ రెండు వారాలూ నేను రోజుకో గంట కూర్చుని పేర్లు సరిచేస్తున్నాను. కంప్యూటర్‌లో ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రామ్ ఉంది, విండోస్‌లో ఉచితమే, గాయకుడు, సంగీతం, సంవత్సరం అన్నీ అందులో రాసుకోవచ్చు. తెలుగులో ఒకసారి, ఒడియా లిపిలో ఒకసారి రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ సగం మందికి ఒకటే లిపి వచ్చు. గొంతు ఎవరిదో తేలకపోతే మా పెదనాన్నకి వినిపిస్తాను, ఆయనకీ తెలియకపోతే ఖాళీగా వదిలేస్తున్నాను.

నిన్న సాయంత్రం రాయగడ నుంచి మా మేనత్త కొడుకు ఒక పాట పంపాడు, "ఇది విన్నావా, ఎంత బాగుందో" అని. తెరిచి చూస్తే చందమామ పాటే. గాయకుల చోట రెండు లిపుల్లో రఘునాథ్ పాణిగ్రాహి, పి. సుశీల, పి. లీల. కింద వివరం గడిలో "గుణుపురం" అని ఉంది. నేను రాసిందే. ఎన్ని ఫోన్లు తిరిగి వచ్చిందో తెలియదు, పేరు మాత్రం చెక్కు చెదరలేదు.